ఎండ దిద్దిన రంగు

"ఇది మా నీలం కాదు," అంది నిరోష, ఇంకో ప్రింటు పక్కన పెట్టేస్తూ.

పంజగుట్టలో చిన్న ప్రింటింగ్ షాపు నడిపే దుర్గేష్ తల పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నీలం కుదరకపోతే ఆమె మళ్లీ వస్తుంది కదా అని లోలోపల సంబరపడ్డాడు. పైగా ఆటో నడిపేవాడి నుంచి చాయ్ పోసేవాడి దాకా అందరినీ అన్నా అనే నిరోష, అతన్ని మాత్రం ఇంతవరకూ ఆ మాట అనలేదు. పాపం, అతని ఆశంతా దాని మీదే నిలబడి ఉంది.

ఆమె తెచ్చింది ఓ పాత ప్రకటన పోస్టరు. కనురెప్పలకు వేసుకునే రంగులది. లేత నీలం రెప్పలు సగం వాల్చి ఓ అమ్మాయి కలగంటూ ఉంటుంది. అమీర్‌పేటలో నిరోష తల్లి విజయరాణి నడిపే కుట్టు షాపులో అది ఏళ్లుగా వేలాడింది. చిన్నప్పుడు మిషన్ చప్పుడు వింటూ, బట్టల మూట మీద పడుకుని, ఆ రెప్పల్ని చూస్తూనే నిరోష నిద్రపోయేది. ఇప్పుడు సొంతంగా పార్లర్ తెరుస్తోంది. దాని గోడ మీదికి ఈ పోస్టరే కొత్తగా ప్రింటు తీయించాలి, ఆ నీలమే ఉండాలట. తన రెప్పల మీదా అదే దిద్దుకుంది.

"జర కండ్లు మూస్తరా? రంగు పోల్చి చూస్త," అన్నాడు దుర్గేష్.

మూసింది. బయట వాన మొదలైంది. చేతిలో ప్రింటు ఉన్న సంగతే అతను మరిచిపోయాడు.

"చూసిన్రా?"

"చూస్తున్న."

"ఎంతసేపు?" కళ్లు తెరవకుండానే నవ్వింది.

ఆ నవ్వు చూశాక అతనికి సిగ్గేసింది. అతనొక నిజం దాచాడు మరి. పోస్టరు అడుగున రంగు డబ్బీ బొమ్మ ఉంది. ఫ్రేము విప్పిన రోజే చూశాడు. బయటికి కనబడే సగం లేత నీలం. ఫ్రేము కింద, ఎండ తగలని సగం లేత వంగపువ్వు రంగు. చెబితే నొచ్చుకుని పోస్టరు పట్టుకుపోతుందని భయపడ్డాడు. ఇక దాచలేక ఆ సగం చూపించేశాడు.

నిరోష దాన్ని వేలితో తడిమి, తల్లికి ఫోన్ చేసింది. అది వంగపువ్వు రంగేననీ, ఆ మోజుతోనే తన పెళ్లికి అలాంటి డబ్బీ కొనిపించుకున్నాననీ, సాయంత్రం ఎండ పడీ పడీ వెలిసిపోయిందనీ విజయరాణి తాపీగా చెప్పింది.

"లేని రంగును గిన్నేండ్లు ఇష్టపడ్డనా?" అంది నిరోష ఫోన్ పెట్టేసి.

"ఎందుకు లేదు? మీ షాపుల ఎండ వేసిన రంగది. నా మిషన్‌ల ఎట్లొస్తది? ముందే చెప్పాలె. చెప్తే మీరు మళ్ల రారని దాచిన."

ఆమె పోస్టరు తన వైపు లాక్కుంది. ఇక అన్నా అనే మాట పడుతుందని దుర్గేష్ గుండె దిటవు చేసుకున్నాడు.

"వంగపువ్వు రంగులనే ప్రింట్ తియ్యి," అంది చివరికి. "పార్లర్‌కు సుత పొద్దుమీకి ఎండొస్తది. నీలం గావాల్నంటే ఎన్నేండ్లు పడ్తది?"

ఆమె మీరు నుంచి నువ్వులోకి దిగిందని అతనికి వెంటనే తెలిసింది.

"మస్తు ఏండ్లు పడ్తది."

"అప్పటిదాంక ఎవరు చూస్తుంటరు?"

"నేనొస్త. నీ పక్కన కూసోని చూస్త."

నిరోష మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి అతను పోల్చడానికి ప్రింటు చేతిలోకి తీసుకోలేదు.

పార్లర్ తెరిచిన సాయంత్రం పోస్టరు మీద ఎండ పడింది. ఆ రంగు అంత తొందరగా వెలిసిపోవడం ఇష్టంలేక, ఎవరూ చూడకుండా దుర్గేష్ కిటికీ పరదా లాగాడు. విజయరాణి చూడనే చూసింది.

"పరదా వేస్తే ఎండెట్లొస్తది, అల్లుడా?" అంది.

దుర్గేష్ పరదా తీసేశాడు.