నిలువు నిచ్చెన

"అంటే మా అమ్మ ఊపిరి కన్నా మీ పరువే ఎక్కువన్నమాట," అంది ఛాయాదేవి దోసె తిరగేస్తూ.

అప్పటికే ఆ గొడవ మూడు దోసెల పాతది.

"పరువు కాదు ఛాయా. కరెంటు కంపెనీలో రిస్క్ మేనేజర్ని. నా ఇంట్లోనే ఇన్వర్టర్ పెట్టించుకుంటే బిల్లు కట్టే జనం ఏమనుకుంటారు? ఢిల్లీ అంతా పోయినా మన మయూర్ విహార్‌కి కరెంటు పోదు," అన్నాడు శేషగిరి.

"మొన్న పోయింది."

"అది మెయింటెనెన్స్."

"ఆ తేడా అమ్మకి తెలీదండీ. మిషను ఆగితే ఆవిడకి ఆయాసమే."

లోపలి గదిలో జానకమ్మ పక్కన ఆక్సిజన్ మిషన్ గురక పెడుతోంది. పాడైపోయిన ఊపిరితిత్తులకు అదే ఆధారం. అది ఆగితే ముందు పెదవులు నల్లబడతాయి. తర్వాత ఏమవుతుందో డాక్టరు చెప్పాడు గానీ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"నాన్నా, లే లో నా, తీసుకో. నానీకి, అదే అమ్మమ్మకి, ప్రాబ్లం అవుతుంది," అంది కాలేజీకి బయల్దేరుతున్న శరణ్య.

"లక్ష్మీనగర్ ఇన్వర్టర్ షాపతనికి చెప్పేశాను. సాయంత్రం తెచ్చి బిగిస్తాడు," అంది ఛాయాదేవి.

"ఫోన్ చేసి రావద్దను."

ఆమె పెనం మీద నీళ్ళు చిలకరించింది. పెనం చుయ్యిమంది. "సరే," అంది.

ఛాయ సరే అంటే సరే. ఇన్నేళ్ళ కాపురంలో శేషగిరికి తెలిసింది అదే.

అతని సెల్‌ఫోన్ మోగింది. "వంకాయలు లేతగా ఉన్నాయి. తీసుకోమంటారా?"

"పుచ్చులు లేకపోతేనే," అని శేషగిరి సగం దోసె వదిలేసి లేచాడు.

కంపెనీలో అతను రిస్క్ మేనేజర్ అన్నది అబద్ధం కాదు. కానీ అతన్ని అక్కడ కూర్చోబెట్టింది కంపెనీ కాదు, బోర్డు లేని ఒక ప్రభుత్వ శాఖ. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, వంకాయలంటే ఆ శాఖ పిలుపని కూడా.

అశోకా రోడ్‌లోని గెస్ట్‌హౌస్ వెనక గదిలో చీఫ్ సదాశివరావు రసం అన్నం కలుపుకుంటున్నాడు. ఎడమచేత్తో ఒక ఫోటో ముందుకు తోశాడు.

"మన శాఖ శ్రీరాములు. గుర్‌గావ్‌లో ఒక ఆఫీసు బేస్‌మెంట్‌లో, జనరేటర్ గదిలో దొరికాడు. గోళ్ళు పీకి, తర్వాత గొంతు కోశారు."

ఫోటోలో ఉన్న మనిషి కిందటి వారమే శేషగిరి జేబులోంచి పెన్ను లాక్కుని నవ్వాడు. ఇప్పుడా ముఖంలో నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

"వోల్కర్ ముఠా పని. ఊరిని చీకటి చేసి, కుప్పకూలిన కరెంటు కంపెనీని చవగ్గా కొట్టేసే రకం. రెండు దేశాల్లో చేసొచ్చారు. ఇవాళ మన వంతు. మిగతాది మేడమ్ చెప్తుంది."

కిటికీ దగ్గర నిలబడ్డ నేహా ఇటు తిరిగింది. సముద్రపు రంగు సిల్కు చీర, చెవులకు పొడుగాటి లోలాకులు. ఢిల్లీలో పుట్టిన తెలుగమ్మాయి. ముఠా ఆమెను రిస్క్ కన్సల్టెంట్‌గా కంపెనీలోకి పంపింది. ఆమె ఆ సంగతి శాఖకు చెప్పి, రెండు వైపులా ఉద్యోగం సంపాదించుకుంది.

"ఏది పోతే మీ కంపెనీ మళ్ళీ లేవలేదో చెప్పమన్నాను. మీ ఆఫీసర్లు పోటీలు పడి జవాబులు రాసిచ్చారు," అంది. "నన్ను ప్రేమిస్తున్నావా అంటే నిజం చెప్పని మగవాళ్ళు కూడా, నీ రిస్క్ ఏమిటంటే ఉన్నదున్నట్టు చెప్పేస్తారు."

"ఎక్కడ?" అన్నాడు శేషగిరి.

"యమున అవతల సబ్‌స్టేషన్. సూర్యాస్తమయానికి. ఏసీలన్నీ వేసుకునే టైము. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ పేలి నూనె అంటుకుంటే పక్కవి కూడా కాలతాయి. ఆ భారం మిగతా లైన్ల మీద పడి ఢిల్లీ అంతా పోతుంది. వాళ్ళు వెనక గేటు నుంచి వస్తారు."

"పోలీసుల్ని పెడితే వోల్కర్ ఇంకోచోటు వెతుక్కుంటాడు. కమాండోలు గేటు బయట ఉంటారు. నీ సెల్ నుంచి సిగ్నల్ వస్తేనే లోపలికి. లోపల నువ్వొక్కడివే," అన్నాడు సదాశివరావు.

దారిలో శేషగిరి ఇంటికి ఫోన్ చేశాడు. "అతనికి వద్దని చెప్పావా?"

"పాలు పొంగుతున్నాయి, ఉంటాను," అని ఛాయాదేవి పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా శేషగిరి మురికి హెల్మెట్, లైన్‌మన్ చొక్కాతో సబ్‌స్టేషన్ యార్డులో ఉన్నాడు. జేబులో శాఖ ఇచ్చిన పెన్ను ఉంది. కరెంటున్న తీగ దగ్గరికి వెళితే అది కీచుమంటుంది. కాళ్ళ కింద కంకర, తల మీద గుయ్యిమనే తీగలు.

రెండో నంబర్ ట్రాన్స్‌ఫార్మర్ చాటునుంచి ఇద్దరు మెయింటెనెన్స్ మనుషులు వచ్చారు. వాళ్ళ ముందు తెల్ల హెల్మెట్‌తో నేహా.

"వీళ్ళు మీ వాళ్ళే. పాసులు చూశాను. మీరు వెనక గేటు చూసుకోండి," అంది.

శేషగిరి తలూపి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆ ఇద్దరిలో ఒకడు అల్యూమినియం నిచ్చెనను భుజాన నిలువుగా మోస్తున్నాడు.

యార్డులో నిచ్చెనను అలా మొయ్యరు. ఇద్దరు పట్టుకుని, నడుము దాటి పైకి లేవకుండా అడ్డంగా మోస్తారు. పైనున్న తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. కొత్తగా చేరినవాడికి మొదటిరోజే వీపు మీద చరిచి నేర్పే పాఠమది. నేహా ప్రశ్నలకు జవాబులు రాసిన ఆఫీసర్లెవరికీ అది రాయాలని తోచలేదు.

"అరే భాయ్, నిచ్చెన దించు," అని శేషగిరి అరిచాడు.

వాడు ఉలిక్కిపడి గిర్రున తిరిగాడు. నిచ్చెన కొస పైకి లేచింది. తెల్లటి మెరుపు, ఫిరంగి పేలిన చప్పుడు. మనిషి నిలబడ్డ చోటే మాడిపోయాడు. యార్డు దీపాలు మిణుక్కుమని మళ్ళీ వెలిగాయి. తెగిన తీగొకటి కంకర మీద పడింది.

రెండోవాడు కత్తితో మీదికొచ్చాడు. శేషగిరి ముంజేయి ఎముక దాకా తెగింది. అతను గోడకు ఆనించిన ఎర్తింగ్ రాడ్డు లాగి వాడి దవడ మీద కొట్టాడు. దవడ విరిగింది. రెండో దెబ్బకు వాడు కూలబడి, మళ్ళీ లేవలేదు.

రక్తమోడే చేత్తో సెల్‌ఫోన్ తీశాడు. చప్పుడు లేని తూటా ఒకటి దాన్ని ముక్కలు చేసి, వేళ్ళలో ఒకదాన్ని తీసుకుపోయింది.

నేహా చేతిలో పిస్తోలుంది. "శ్రీరాములు కూడా మీలాగే అన్నీ గమనించేవాడు. గోళ్ళు తీస్తున్నంతసేపూ నన్నే చూశాడు. మీ శాఖ నన్ను నమ్మి ఇక్కడికి రానివ్వాలనే చోటు నిజం చెప్పాను."

అప్పుడు శేషగిరి చూపు ట్రాన్స్‌ఫార్మర్ పైకి వెళ్ళింది. తీగలు పట్టి ఉంచే పింగాణీ బుషింగుల మధ్య, కరెంటు పాకని ఫైబర్ కర్రతో పైకెత్తి అంటించిన పెట్టె. దాని ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతోంది.

నేహా పిస్తోలు దించకుండా వెనక్కి జరగసాగింది.

"వెనక్కి అడుగు వెయ్యకు. ఆ తీగ చావలేదు," అన్నాడు శేషగిరి.

"సీరియస్లీ? అంత పాత ట్రిక్కా?" అని నవ్వి ఆమె అడుగు వేసింది.

కంకర మీద పడ్డ తీగ చచ్చిన పాములాగే ఉంటుంది. నేహా కెవ్వుమనలేదు. ఒళ్ళు విల్లులా వంగి, చీర అంటుకుని, పడిపోయింది. కాలిన వాసన యార్డంతా నిండింది.

శేషగిరి నడుముకున్న వాకీటాకీ అందుకున్నాడు. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ మాణిక్యం ఉన్నాడు.

"మాణిక్యం, రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఆపెయ్. బాంబుంది. కరెంటుండగా ఎక్కలేను."

"సార్, మయూర్ విహార్ మొత్తం పోతుంది. వేరే లైను మీంచి తిప్పి ఇవ్వాలంటే గంట పడుతుంది. మీ అత్తగారు..."

ఛాయ పొద్దున సరే అన్న తీరు చెవిలో మెదిలింది. చేతిలో ఫోన్ లేదు, మాణిక్యం చేత ఇంటికి చెప్పించినా ఆ గంట మిషన్ నడవదు. ఎర్రదీపం ఇప్పుడు ఆగకుండా కొట్టుకుంటోంది.

"ఆపెయ్," అన్నాడు.

గుయ్యిమనే చప్పుడు నిలిచిపోయింది. పరిగెత్తి ఎక్కబోతుంటే జేబులో పెన్ను కీచుమంది, ఆగాడు. ఆపేసిన యంత్రంలోనూ ప్రాణం తీసేంత మిగిలి ఉంటుంది. మిగిలిన కరెంటు భూమిలోకి దిగేలా ఎర్తింగ్ రాడ్డు తగిలించాడు. టప్పున నిప్పురవ్వ. పెన్ను కీచుమనడం మానేసింది. ఎక్కి, తెగిన చేత్తోనే పెట్టెను పీకి నూనె గుంట అవతలి ఇసుకలోకి విసిరాడు. అది గాల్లోనే పేలింది. ఇనుప ముక్క ఒకటి అతని చెవి కోసుకుపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ రెండో పేలుడుకి, ఇక సిగ్నల్ కోసం ఆగకుండా దూసుకొచ్చిన కమాండోలు కట్లు కట్టి, ఆసుపత్రి అన్నారు. శేషగిరి మయూర్ విహార్ అన్నాడు.

కాలనీ అంతా చీకటి. జనం బాల్కనీల్లో విసనకర్రలతో నిలబడి కంపెనీని తిడుతున్నారు. జీపు మలుపు తిరిగింది. నాలుగు అంతస్తుల బ్లాకులో ఒకే ఒక్క కిటికీలో వెలుగుంది.

అది అతని ఇల్లు.

తలుపు తీసేసరికే లోపల్నుంచి ఆక్సిజన్ మిషన్ గురక వినిపించింది. గోడవార కొత్త ఇన్వర్టర్, దాని బ్యాటరీ. జానకమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. ఛాయాదేవి అతని కట్లు చూసింది, తెగిన వేలి చోటు చూసింది. చెంగుతో అతని మెడ మీది రక్తం తుడిచింది.

"సరే అన్నాను గానీ, వద్దని చెప్పలేదండీ."

"నాన్నా, యే క్యా హువా? ఏమైంది?" అంది శరణ్య.

"ఆఫీసులో మెయింటెనెన్స్," అన్నాడు శేషగిరి. కుర్చీలో కూర్చుని మిషన్ చప్పుడు కాసేపు విన్నాడు. తర్వాత అందరి వైపూ చూసి, నెమ్మదిగా చెప్పాడు.

"రేపు రెండో బ్యాటరీ కూడా తెప్పిస్తున్నాను. మన కంపెనీని నమ్మడానికి లేదు."