రెండో ఆట బరువు

ఆ సినిమాహాలు మూతపడి ఇరవై రెండేళ్ళు. అయినా అందులో రోజూ రెండో ఆట పడుతూనే ఉందని వీధి వీధంతా చెప్పుకునేది.

విన్నది విన్నట్టు చెబుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఆ హాలు ముందు ఎవరూ నిలబడరు. నిలబడితే లోపల్నించి కుర్చీలు వాలుతున్న చప్పుడు... టక్... టక్ టక్... ఆపైన గుసగుసలు. ఎదురుగా ఉన్న మందులషాపాయన తొమ్మిదికే షట్టరు దించేసి, అటు తల తిప్పకుండా ఇంటిదారి పట్టేవాడు. ఒక్కసారి తొంగిచూడొచ్చుగా అని ఎవరైనా అంటే, నా దగ్గర టిక్కెట్టు లేదు బాబూ అనేవాడు.

అలాంటి హాలు ఆ ఏడాది బాబాయ్ ఆఫీసు నెత్తిన పడింది.

బాబాయ్ అంటే మన ఇంజినీరమ్మాయికి బాబాయ్. కట్టడం నిలబడుతుందో కూలుతుందో లెక్కగట్టి చెప్పే ఆఫీసు ఆయనది. అమ్మాయినీ ఆయన్నీ కలిపి ఏడుగురు. ఆ ఏడాది ఊపిరాడని పని — ఒక పాత గ్రంథాలయం కప్పు, ఒక కొత్త బడి, ఎనిమిదంతస్తుల కొత్త ఆస్పత్రి, ఆ ఆస్పత్రికి గోడ అవతలే ఈ సినిమాహాలు. కొత్తవాటి లెక్కలు కాగితం మీద ఉంటాయి, పాతవాటి లెక్కలు కట్టినవాడి బుర్రలో ఉండి వాడితోపాటే పోతాయి అని బాబాయ్ వాపోయేవాడు.

హాలుని నాటకాల హాలుగా మార్చాలి. చిక్కంతా బాల్కనీతో వచ్చింది. కింద ఒక్క స్తంభమైనా లేకుండా పద్దెనిమిది అడుగులు ముందుకు చాచుకుని ఉంది. ఏం పట్టుకుని నిలబడిందో చెప్పే డ్రాయింగు ఒక్కటీ దొరకలేదు. నెలాఖరులోగా ‘ఇది నిలబడుతుంది’ అని బాబాయ్ సంతకం పెట్టాలి. లేదంటే కొట్టేస్తారు. కాంట్రాక్టరు అప్పుడే సమ్మెటలు తెచ్చి ఓ మూల పెట్టుకున్నాడు.

అమ్మాయికేమో ఆ బాల్కనీ అంటే ప్రాణం. మొదటిసారి దాని కింద నిలబడి పైకి చూసినప్పుడు, ఇంత పని చేస్తూ ఏమీ ఎరగనట్టు ఎలా ఉందో చూడు అని నవ్వొచ్చింది ఆమెకి. దాన్ని ఎలాగైనా కాపాడాలని అప్పుడే అనుకుంది.

ఇంకో సంగతి. ఆమెకి దెయ్యాలంటే హడల్. ఆఫీసులో ఎవరికీ తెలీదు. లెక్కలు చేసేవాళ్ళు దెయ్యాలకి భయపడితే నలుగురూ నవ్వుతారని ఆమె భయం. అది రెండో భయం.

బాల్కనీ అడుగున వంపు కొలిచే మీటర్లు ఐదు బిగించింది. వెంట్రుకవాసి వంగినా గీత గీసి చూపించే రకం. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో కంప్యూటరు తెరిచి చూసింది.

రాత్రి తొమ్మిదిన్నర దాకా గీత తిన్నగా ఉంది. అక్కణ్ణించి కిందికి దిగింది. పదకొండింటికి పైకి లేచింది... ఒక్క పావుగంట. మళ్ళీ దిగింది. పన్నెండుంబావుకి ఏమీ జరగనట్టు మొదటి చోటికే వచ్చేసింది.

మీటర్లకి మాయరోగమొచ్చిందనుకుని బ్యాటరీలు మార్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు బాబాయ్ వెనకనించి వచ్చి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“అమ్మడూ... హౌస్‌ఫుల్ కాదుగానీ, సగం పైనే నిండింది. ఈ పావుగంట ఇంటర్వెల్.”

ఆయన నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. వెంటనే ఆయనా నవ్వు ఆపేసి, రెండు మిల్లీమీటర్లు ఎందుకు వంగుతోందో తేలకుండా చస్తే సంతకం పెట్టనన్నాడు. తను మర్నాడు బడి శ్లాబు పనిమీద ఊరెళ్ళాలి. తేల్చాల్సింది ఆమే.

హాలు వాచ్‌మాన్‌ని అడిగింది. ఆయన నేలచూపులు చూస్తూ, రాత్రిపూట రావొద్దు చిన్నమేడంగారూ, వాళ్ళ ఆట వాళ్ళని ఆడుకోనివ్వండి అన్నాడు. ఎవళ్ళు అంటే స్టూలు దులుపుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ రాత్రి ఆస్పత్రిలో కాంక్రీటు పోస్తున్నారని అమ్మతో అబద్ధమాడి బయల్దేరింది. టార్చి తీసుకుంది. హెల్మెట్ పెట్టుకుంది. దెయ్యాలకి హెల్మెట్ పనిచెయ్యదని తెలుసు... అయినా పెట్టుకుంది.

వాచ్‌మాన్ స్టూలు ఖాళీగా ఉంది. పక్కతలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. కింద కుర్చీలన్నీ ఎప్పుడో పీకేశారు. పునాది చూడ్డానికి నేలంతా తవ్వి ఉంది. తడిమట్టి వాసన. గోడ తడుముకుంటూ బాల్కనీ కిందికి చేరి, టార్చి ఆర్పేసి నిలబడింది. నెత్తిమీద మీటరు ఆకుపచ్చ అంకె ఒక్కటే వెలుగుతోంది — సున్నా.

తొమ్మిదీ ఇరవై ఐదు.

పైన... టక్.

టక్... టక్ టక్... ఒకదాని వెనక ఒకటి, కుర్చీలు వాలుతున్నాయి. సున్నం రాలి హెల్మెట్ మీద చిటపటమంది. ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అంకె కదిలింది... సున్నా పాయింటు నాలుగు... తొమ్మిది... ఒకటిన్నర...

ఉన్నట్టుండి వెనకగోడ కన్నంలోంచి వెలుగు దూసుకొచ్చింది.

చిరిగిన తెరమీద ఆడమనిషి మొహం. ఇంతెత్తున. పెదాలు కదులుతున్నాయి — మాట లేదు. మాట ఇంకెక్కణ్ణించో వస్తోంది. పైనించి. వణుకుతున్న మగగొంతు... మెల్లగా...

“ఇన్నాళ్ళూ... నీకోసమే... ఇక్కడే ఉన్నాను...”

పైన చీకట్లో ఎవరో వెక్కారు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత చాలామంది.

పారిపోదామంటే అమ్మాయికి గుమ్మం ఎటుందో గుర్తు రాలేదు. చూపు తిప్పుకోవడానికి ఆ మీటరు తప్ప ఇంకేమీ లేదు. దాన్నే చూసింది. ఒకటీ పాయింటు తొమ్మిది.

బాల్కనీ వంగుతోందంటే, పైన బరువు ఉండాలి. దెయ్యాలకి బరువెక్కడిది?

భయం ఠక్కున వదిలింది. ఆ చోట్లోకే అంతకి పదింతల భయం వచ్చి కూర్చుంది. పైనున్నది మనుషులు. అరవైమందికి తగ్గరు. నిలబడుతుందో లేదో ఎవరికీ తెలియని బాల్కనీ మీద, నిక్షేపంగా కూర్చుని సినిమా చూస్తున్నారు.

అరిస్తే అందరూ ఒక్కసారే లేస్తారు. లేచి ఒక్కవైపుకే తోసుకుంటారు. అరవకూడదు. వెనకమెట్లెక్కింది, పిల్లిలా, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ. ప్రొజెక్టరు గదిలో దీపం లేదు. యంత్రం గిర్రుమంటోంది. నడుం వంగిన ముసలాయన ఒకాయన కిటికీకి నోరు ఆనించి డైలాగులు చెబుతున్నాడు. పక్కన వాచ్‌మాన్ తువాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు.

తలుపులో సున్నం కొట్టుకుపోయిన హెల్మెట్‌ని చూసి వాచ్‌మాన్ కెవ్వుమనబోయి, తన నోరు తనే మూసుకున్నాడు. ఆయన జీవితంలో నిజంగా దెయ్యాన్ని చూశాననుకున్నది ఆ ఒక్కసారే.

సంగతి రెండు ముక్కల్లో తెలిసింది. ముసలాయన ఆ హాల్లో ముప్పైయేళ్ళు ఆపరేటరు. హాలు మూసినప్పుడు స్పీకర్లు అమ్ముడుపోయాయి, ప్రొజెక్టరుని ఎవరూ కొనలేదు. నాలుగు సినిమాల రీళ్ళు ఆయన మంచం కిందే ఉండిపోయాయి. కట్టే కొత్త ఆస్పత్రిలో — అదీ బాబాయ్ ఆఫీసుదే — పనిచేసే కూలీలు పక్కనే రేకుల షెడ్లలో ఉంటారు. పొద్దుగూకితే వాళ్ళకి తోచదు. మరమ్మతు పనికని హాలుకి కరెంటు వచ్చిన దగ్గర్నించీ, నాలుగు నెలలుగా ఈ భాగోతం. అంతకుముందు ఎప్పటినించో ఉన్న దెయ్యం కబురుని చల్లారకుండా చూసుకోవడం వాచ్‌మాన్ పని.

“తాతా,” అంది చెవిలో. “ఈ బాల్కనీ నిలబడుతుందో పడుతుందో ఇంకా ఎవరికీ తెలీదు.”

ముసలాయన ఆపెయ్యనా అన్నట్టు చూశాడు.

“ఆపొద్దు. నీ గొంతుతోనే చెప్పు. ముందువరసనించి, ఒక్కో వరసా... మెల్లగా.”

ఆయన మళ్ళీ కిటికీవైపు తిరిగాడు. తెరమీద హీరో నోరు తెరిచాడు. ముసలిగొంతు పలికింది — “ముందువరసలో అమ్మలారా, అయ్యలారా... చప్పుడు చెయ్యకుండా లేచి, గోడవారగా దిగండి...”

కథలో మాటే అనుకుని జనం నవ్వారు. ఆయన అదే మాట ఇంకోసారి అన్నాడు. ఈసారి ముందువరస లేచింది.

ఆమె కిందమెట్టు దగ్గర నిలబడి లెక్కపెట్టింది. భుజాన నిద్రపోతున్న పసివాళ్ళతో ఆడవాళ్ళు, చేతుల్లో చెప్పులు పట్టుకున్న మేస్త్రీలు. అరవై ఒక్కమంది. అందరికన్నా ఆఖర్న ఆపరేటరు. ఆయన కాలు నేలమీద పడ్డాక వెళ్ళి మీటరు చూసింది.

సున్నా.

అప్పుడు వెలిగింది ఆమెకి. ప్రతిరాత్రీ ఇంతమంది. ప్రతి తెల్లారీ సున్నా. వంగిన బాల్కనీ వంగినట్టే మళ్ళీ వెనక్కి వచ్చేస్తోంది. అంటే దమ్మున్న బాల్కనీ. మెట్టు దగ్గరికి తిరిగొచ్చి కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా హెల్మెట్ తీసి సున్నం దులుపుకుంది.

బాబాయ్ తిరిగొచ్చి అందరినీ సమానంగా తిట్టాడు. గీతలు చూసి చల్లబడ్డాడు. వారం తిరక్కుండా పద్ధతిగా పరీక్ష పెట్టించాడు — బాల్కనీ నిండా ఇసకబస్తాలు, ఒక పగలూ ఒక రాత్రీ. మెట్లకి తాళం, తాళంచెవి ఆయన జేబులో. కింద నలుగురే ఉన్నారు: బాబాయ్, అమ్మాయి, ఆపరేటరు, వాచ్‌మాన్.

మధ్యాహ్నం బస్తాలు ఎక్కాయి. గీత లెక్క చెప్పినంతే దిగి, అక్కడే నిలబడింది. సాయంత్రానికి బాబాయ్ కూనిరాగం మొదలుపెట్టాడు. కొత్త హాల్లో మొదటి ఆట నీదే, కాకపోతే జనం కింద కూర్చుంటారు అని ఆపరేటరుకి మాటిచ్చాడు. సంతకానికి కాగితం కూడా తీసి పెట్టుకున్నాడు.

తొమ్మిదిన్నరకి గీత ఇంకొంచెం దిగింది.

ఐదు మీటర్లలో ఒక్కదాని గీతే. ముందువరస, ఎడమ చివర. వెంట్రుకలో సగం.

బాబాయ్ రాగం ఆపాడు. గాలా, చలా, వీధిలో లారీయా అని ఒక్కోటీ చూసుకొచ్చాడు. ఏదీ కాదు. నలుగురూ అక్కడే ఉన్నారు. తాళం తాళంలాగే ఉంది.

పదకొండింటికి గీత పైకి లేచింది... పావుగంట. మళ్ళీ దిగింది.

“ఎంతుంటుందమ్మా బరువు?” ఆపరేటరు గొంతు వినీ వినపడనట్టుంది.

“యాభై... యాభై రెండు కిలోలు, తాతా.”

ఆయన చీకట్లో తెరవైపు తిరిగి కూర్చున్నాడు.

పన్నెండుంబావుకి గీత తన చోటికి వచ్చేసింది. బాల్కనీ గట్టిదే, అందులో అనుమానం లేదు. బాబాయ్ కాగితం ముందుకు లాక్కున్నాడు. అందులో రెండు గడులుంటాయి. కట్టడం సొంత బరువు రాసేది డెడ్ లోడ్ గడి. వచ్చిపోయే మనుషుల బరువు రాసేది లైవ్ లోడ్ గడి. కలం మూత తీసి, చాలాసేపు రాయకుండా పట్టుకుని, ఆమె వైపు వంగి గుసగుసగా అడిగాడు —

“అమ్మడూ... ఈ యాభై రెండు కిలోల్నీ ఏ గడిలో వెయ్యమంటావ్?”