ఒక్క తప్పూ లేని ఫోను

మొదటి తూటా ఎవరు పేల్చారు?

మూడు విచారణ సంఘాలు కూర్చున్నాయి, లేచాయి. ఎగువ పక్షం నివేదిక దిగువవాళ్లంది. దిగువ పక్షం నివేదిక ఎగువవాళ్లంది. మూడో సంఘం అధ్యక్షుడు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. మిగిలింది నలభై సెకన్ల వీడియో. గోడ చాటు నుంచి ఒక చెయ్యి, చేతిలో తుపాకి, చౌరస్తాలో కూలిపోయే ఒక మనిషి. చెయ్యి ఎవరిదో కనబడదు. ఆ వీడియో బలమంతా అందులోనే ఉంది. లక్షలమంది ఆ చేతికి తమకు గిట్టనివాడి ముఖం తగిలించి, తలా పదిమందికి పంపారు.

ఆ తరువాత వచ్చినదాన్ని అంతర్యుద్ధమని పిలవడానికి పత్రికలకు నోరు రాలేదు. లేవగానే ఫోన్ తెరిచి ఈ రోజు ఏ రోడ్డు తెరిచి ఉందో చూసుకోవడం, పాలప్యాకెట్ తిప్పి ఏ వైపు డెయిరీదో చదవడం, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి రెండో అంతస్తువాళ్లను తీసేయడం, వారం తిరక్కుండా ఆ ఇంటికి తాళం పడటం, వాళ్లేమయ్యారని ఎవరూ అడగకపోవడం: యుద్ధమంటే ఇదే. కాల్పులు ఆగి నెల అయినా ఈ అలవాట్లు ఆగలేదు. నదికి ఎగువన, దిగువన ఉన్నవాళ్ల మధ్య పదకొండు నెలలకు ఉమ్మడిగా మిగిలినవి ఒక వంతెన, ఒక కరెంటు లైను, ఒక గూఢచారి విభాగం. ఆ విభాగాన్ని రద్దు చేయవలసింది అవతలివాళ్లని ఇరుపక్షాలూ అనుకోవడం వల్ల అది బతికిపోయింది.

దాని ఆఫీసు ఒక పళ్ల ఆసుపత్రి.

"జ్ఞానదంతం సలుపుతోంది," అంది పిన్ని కౌంటర్ దగ్గర.

"ఎడమవైపా, కుడివైపా?"

"రెండు వైపులా."

లోపలికి పంపారు.

పిన్ని అన్నది ఆమె కోడ్‌నేమ్. యాభై మూడేళ్లు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. చెవికి వినికిడి యంత్రం ఉంటుంది కాని చెవులు నిక్షేపంలా ఉన్నాయి. ఆ యంత్రం పదడుగుల దూరంలో మాట్లాడే ఏ ఫోనునైనా వింటుంది, ఆమె గుసగుసను ఆఫీసుకు చేరవేస్తుంది. విభాగం అధిపతి తెల్లకోటు వేసుకుంటాడు కనుక అందరికీ డాక్టరు. ఇంతవరకు ఒక్క పన్నూ పీకలేదు.

"రేపు పగలు పదకొండు నలభై. వంతెన మీద బాంబు," అన్నాడు డాక్టరు. "రెండువైపులకీ ఆయుధాలమ్మే విదేశీ ముఠా పని. కాల్పులు ఆగడం వాళ్లకి గిట్టలేదు. సమాచారం యాంకర్ ఇచ్చింది."

యాంకర్‌ను ఎరగనివారు లేరు. ఆ నలభై సెకన్ల వీడియోను మొదట తెరమీద చూపింది ఆమే. చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేని రూపం, కంచు కంఠం, ఇరుపక్షాల మంత్రులతోనూ భోజనాలు. రెండేళ్లుగా విభాగానికి రహస్యంగా పనిచేస్తోంది.

"నేను వంతెన దగ్గరికా?"

"మనవాళ్లంతా అక్కడే ఉంటారు. నువ్వు ఎగువ కరెంటు కంట్రోల్ రూముకి వెళ్లు పిన్నీ. ఊరికే, జాగ్రత్తకి."

"అంటే నన్ను పక్కన కూర్చోబెడుతున్నావు."

"కుర్చీ ఇస్తున్నాను. ఈ దేశంలో ఈ రోజుల్లో అదే గొప్ప."

మరునాడు ఎనిమిదిన్నరకు పిన్ని కరెంటు రిలేలు పరీక్షించే ఇంజనీరుగా గుర్తింపు కార్డు చూపించి కంట్రోల్ రూములోకి వెళ్లింది. టెస్టింగ్ పెట్టె అడుగు అరలో పిస్తోలు ఉంది. ఇరవై ఏళ్లుగా దాన్ని అరలోంచి తీయవలసిన అవసరం రాలేదు.

గదికి ఒక గోడంతా ప్యానెళ్లు. నాలుగో ప్యానెల్ కింద తెల్ల పెయింటుతో 'ఆసుపత్రి' అని రాసి ఉంది. నది అవతల, దిగువన ఉన్న పెద్దాసుపత్రికి కరెంటు ఇక్కడి నుంచే, ఆ ఫీడర్ లైను మీదే పోవాలి. ఆసుపత్రి జనరేటర్‌కు డీజిల్ లేదు. డీజిల్ ట్యాంకర్ వంతెన దగ్గర పన్నెండు రోజులుగా రెండు సంతకాల కోసం నిలబడి ఉంది. పసిపిల్లల వార్డులో పందొమ్మిదిమంది నెలలు నిండని బిడ్డలు యంత్రాల వెచ్చదనం మీద ఊపిరి తీస్తున్నారు. ఆ వార్డులో పగటి డ్యూటీ నర్సు పిన్ని కూతురు.

పదకొండు నెలల కిందట పిన్ని ఆ వీడియోను కూతురికి పంపింది: "చూడు, మీవాళ్ల ఘనకార్యం." కూతురు అదే వీడియోను తిప్పి పంపింది: "మీవాళ్లది." తల్లీకూతుళ్ల మధ్య అదే ఆఖరి మాట. పిన్ని ఏడవలేదు. ఎక్కడో ఏదో మొద్దుబారిందని మాత్రం తెలుసు. మత్తుసూది వేసిన దవడ లాగా, తాకితే తెలుస్తుంది, నొప్పి తెలియదు.

ఆపరేటర్‌ను అందరూ బామ్మర్ది అనే పిలుస్తారు. దిగువ కంట్రోల్ రూములో ఫోనెత్తే మనిషి అతనికి సొంత బావ. పని మాట తప్ప ఇంకేదీ మాట్లాడరాదని, ప్రతి కాల్ రికార్డవుతుందని ఇరుపక్షాల బోర్డులూ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాయి.

తొమ్మిదికి ఫోన్ మోగింది. బామ్మర్ది ఎత్తి తన వైపు లెక్క చదివాడు. "మెసేజ్ నలభై ఐదు. ఆసుపత్రి ఫీడర్ లోడ్ పద్నాలుగు. తిరిగి చెప్పండి."

ఒకరు చెప్పింది రెండోవారు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. తప్పితే మెసేజ్ రద్దు, మళ్లీ మొదటి నుంచి. ఈ పనిలో అది ప్రాణసూత్రం.

"మెసేజ్ నలభై ఐదు. లోడ్ నలభై ఒకటి," అంది అవతలి గొంతు.

"పద్నాలుగు! నలభై ఒకటి కాదు. కళ్లజోడు పెట్టుకోండి. రద్దు. మళ్లీ చెప్తున్నా, వినండి."

రెండోసారి బావ సరిగ్గా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక బామ్మర్ది ముఖం విప్పారింది.

"ఏం బాబూ, తిట్టాక అంత హాయిగా ఉందా?" అంది పిన్ని.

"మీరు రిలేలు చూసుకోండి మేడమ్."

"చూస్తున్నాను. రోజూ ఇంతేనా ఆయన?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా అమ్మ అవతల, మా అక్కాబావల దగ్గరే ఉండిపోయింది. మంచంలో ఉంది. అడగడానికి లేదు కదా. బావ ఒక తప్పు చెప్పాడంటే అమ్మ బాగున్నట్టు. నేను తిట్టానంటే నేను బాగున్నట్టు. ముప్ఫై ఏళ్లలో నన్ను ఒక్కసారి మెచ్చుకోని మనిషి, రోజూ నా చేత తిట్లు తింటున్నాడు."

"ఏ రోజైనా తప్పు చెప్పకపోతే?"

"ఆ రోజు నన్నేమీ అడక్కండి."

పదకొండు ముప్ఫై ఆరుకు ఫోన్ మళ్లీ మోగింది. పిన్ని చెవిలో బావ గొంతు స్పష్టంగా పలికింది.

"మెసేజ్ నలభై ఆరు. ఆసుపత్రి ఫీడర్ మీద మా మనుషులు ఎక్కి పనిచేయాలి. లైన్ క్లియర్ కావాలి. పదకొండు నలభైకి మీ బ్రేకర్ తీయండి. ఆసుపత్రికి వేరే లైను ఇచ్చాం."

బామ్మర్ది తిరిగి చెప్పి, తానిచ్చే అనుమతి నంబరు చదివాడు. "లైన్ క్లియర్ నంబర్ రెండు వందల పదిహేడు. తిరిగి చెప్పండి."

"లైన్ క్లియర్ నంబర్ రెండు వందల పదిహేడు."

ఒక్క తప్పూ లేదు.

బామ్మర్ది చేతిలోని పెన్ను కింద పడింది. అతను దాన్ని తీయలేదు. రిసీవర్ బల్ల మీద వదిలి లేచాడు, నాలుగో ప్యానెల్ దగ్గరికి నడిచాడు, కరెంటు తెంచే బ్రేకర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. ముఖంలో ఏమీ లేదు. తల్లి పోయిందని తెలిసిన కొడుకు పని మానడు, పనిలోకి దూరిపోతాడు.

పిన్ని గోడ గడియారం చూసింది. ముప్ఫై ఎనిమిది. పదకొండు నలభై! యాంకర్ చెప్పిన సమయం నిజం, చెప్పిన చోటే అబద్ధం. ఫోన్‌లో మాట్లాడింది బావ కాదు. ఎవరో పదకొండు నెలల రికార్డింగులు దొంగిలించి, ఆ గొంతును యంత్రానికి నేర్పారు. నేర్పేటప్పుడు తప్పులన్నీ చెత్తనుకుని శ్రద్ధగా ఏరిపారేశారు.

పిన్ని బల్ల మీది రిసీవర్‌ను అరచేత్తో మూసి పట్టుకుంది. "ఆగు బాబూ. మీ అమ్మకేమీ కాలేదు."

"మీకేం తెలుసు మేడమ్?" చెయ్యి స్విచ్ మీదే ఉంది.

"తెలియదు. నీకే తెలుస్తుంది. వెనక్కి ఫోన్ చేస్తే మళ్లీ వాళ్లకే పోతుంది, లైను వాళ్ల చేతిలో ఉంది. ఫోన్ ఇంకా పెట్టలేదుగా. ఈసారి నువ్వు తప్పు చెప్పు."

ముప్ఫై తొమ్మిది. పిన్ని చాచిన రిసీవర్‌ను బామ్మర్ది రెండో చేత్తో అందుకున్నాడు.

"దిగువ కంట్రోల్, మరోసారి సరిచూస్తున్నాను. లైన్ క్లియర్ నంబర్... ఏడు వందల పన్నెండు."

బావ అయితే ఇల్లెగిరిపోయేలా అరవాలి.

"కరెక్ట్," అంది ఆ గొంతు. "కరెక్టుగా చెప్పారు. బ్రేకర్ తీయండి, త్వరగా."

బామ్మర్ది స్విచ్ మీంచి చెయ్యి తీసి, కాలిపోయినట్టు చొక్కాకు తుడుచుకున్నాడు. "కరెక్టా? మా బావా? నన్నా?"

పిన్ని గుసగుసలాడింది. "డాక్టరూ, వంతెన కింద నుంచి కంట్రోల్ రూముల టెలిఫోన్ కేబుల్ పోతుంది. అక్కడ ఏ బండి ఆగి ఉంది?"

"టీవీ ఛానెల్ వ్యాన్. ఇందాకే మనవాళ్లకి నీళ్ల సీసాలు కూడా ఇచ్చారు."

"నీళ్లు తాగడం అయితే వాళ్లని పట్టుకోండి."

గడియారం పదకొండు నలభై దాటింది. గది మూలనున్న టీవీలో యాంకర్ పెద్దాసుపత్రి హాలులోంచి ప్రత్యక్ష ప్రసారంలో కనబడింది. కళ్ల నిండా నీళ్లు. "ఎగువవాళ్లు కరెంటు తీసేశారు! నా వెనక పసిబిడ్డలు ఒక్కొక్కరుగా..." ఆమె వెనక ఎర్రగా వెలుగుతున్న టోకెన్ బోర్డు ఎనభై ఎనిమిది నుంచి ఎనభై తొమ్మిదికి మారింది. ఎవరో ముసలాయన చీటీ పట్టుకుని తెరకు అడ్డంగా నడిచి వెళ్లాడు.

సాయంత్రానికి ఆమెను అరెస్టు చేసింది తామేనని ఇరుపక్షాలూ విడివిడిగా ప్రకటించాయి. పదకొండు నెలల్లో రెండు వైపులా ఒకే సంగతి చెప్పడం అదే మొదలు.

బస్సులో పిన్ని ఫోన్ తీసింది. చాలాసేపు చూసి, కూతురికి రాసింది: "పుట్టినరోజు శుభాకాంక్షలు."

నాలుగు స్టాపులు దాటాక జవాబు వచ్చింది. "నా పుట్టినరోజు వచ్చే నెలమ్మా. అది కూడా మర్చిపోయావా?"

పిన్ని ఆ తిట్టును మూడుసార్లు చదువుకుంది. దవడలో కొంచెం నొప్పి పుట్టింది.

మొదటి తూటా ఎవరు పేల్చారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. దాన్ని తాను ఎవరికి పంపిందో తెలుసు. మీరెవరికి పంపారో మీకూ తెలుసు. ఫోన్ తీయండి. నిజమో కాదో చూడకుండా మీరు పంపిన ఒకదాన్ని వెతకండి. అది అందుకున్న మనిషికి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పండి. రేపు కాదు, ఈ పుస్తకం మూయకముందే.