పీరయ్య పేరు లేని రాయి

సౌదీలో రాబిగ్ దగ్గరి ఆ లేబర్ క్యాంపులో పొద్దుగూకితే తెల్లరాయి వైపు ఎవడూ ఒంటికి కూడా పోడు. పాకిస్తానీ డ్రైవర్లు బండి కూడా అటు తిప్పరు. ఎందుకంటే నడిరాత్రి దాటాక అక్కడ చప్పుడు... టక్... టక్... ఉలి చప్పుడు.

చెక్కేది చచ్చిన పీరయ్యేనంటారు.

చమురు ట్యాంకులో మంటలు లేచి ఏడుగురు కూలీలు మాడిపోయారు. అక్కడ పనిచేసే జర్మనీ ఇంజనీరొకాయన, వాళ్ళకో రాయి నిలబెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. ఆయన ఊళ్ళో యుద్ధానికి పోయి చచ్చిన సిపాయిల పేర్లన్నీ చర్చి పక్కన రాళ్ళ మీద ఉంటాయట. శవం దొరకనివాడి పేరైనా వదలరట. ఫోనులో ఫొటోలు చూపించాడు కూడా. ఆయన అటు సెలవు మీద పోయాడు, ఇటు రాయి లేచింది — ఆరు పేర్లతో.

ఏడోవాడు పీరయ్య. కామారెడ్డి దిక్కు రాళ్ళు కొట్టే మనిషి. విదేశీ కూలీల మీద సర్కారు లెవీ పెరిగిన ఏడు కంపెనీ అతని అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ చేయించలేదు సరికదా, పారిపోయాడని పోలీసు లెక్కల్లో హురూబ్ రాయించింది. ఆ పారిపోయినవాడే రోజూ వాళ్ళ బస్సెక్కి వాళ్ళ ట్యాంకులోనే దిగేవాడు! బొగ్గయ్యాక మాత్రం 'మావాడు కాదు' అన్నారు. సౌదీవాళ్ళకు ఇన్ని కొలువులివ్వాలనే నితాఖత్ లెక్క నిండటానికి ఏనాడూ గేటు తొక్కని స్థానికుల పేర్లు హాజరు పట్టీలో ఎక్కించుకున్న కంపెనీకి, చచ్చినవాడి ఒక్క పేరు రాయి మీద బరువైంది. థూ!

పీరయ్య పక్క మంచం సదానందానిది. తెల్లారితే ఎగ్జిట్ వీసా మీద శాశ్వతంగా ఇంటికి పోతాడు. ఆ సాయంత్రం పీరయ్య భార్య ఊర్మిల ఫోను చేసింది.

"తమ్మీ, పరిహారం రావాల్నంటె మీ అన్న ఆడనే పనిజేసి సచ్చిండని రుజువు గావాలె. ఆఫీసుల 'పారిపోయిండు గదా' అని మొఖం మీదనే నవ్వుతున్రు. రాయి మీద పేరు ఫొటో దీసి పంపు."

పేరే లేదని చెప్పడానికి నోరు రాలేదు. "పంపుత వదినా," అనేశాడు.

రాత్రి పీరయ్య ఉలీ సుత్తే, ఒక దారం ముక్కా జేబులో వేసుకుని బయల్దేరాడు. దారం ఎందుకంటే — ఎర్రజాజు దొరకని దేశంలో పీరయ్య పాల్లేని సులేమానీ చాయ్‌లో దారం ముంచి, రాయి మీద లాగి కొట్టి గీత పెట్టేవాడు. ఆ పని సదానందానికీ నేర్పాడు.

రాయి దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

తెల్లగా... ఏదో కూర్చుని ఉంది. గీకుతోంది... గర్... గర్...

"ఎ... ఎవరు?"

"చుప్! అరవకు బే. నేను... ఫక్రుద్దీన్‌ని."

క్యాంపు బాసు! హైదరాబాదీ. తెల్లటి అరబ్బు తోబు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో తాపీ, ముందు తెల్ల సిమెంటు తట్ట.

"దొరికినవ్! రోజూ చెక్కేది నువ్వేనా? రాత్రి రాత్రి మీ లిపిల పేరు లేస్తది, తెల్లారేలోపు నేను పూడ్వాలె. నెలాయె, నడుము ఇరుగుతుంది."

"మరి దయ్యమని అన్నది..."

"నేనే లేపిన పుకారు. నా పనికి ఎవడూ అడ్డం రావొద్దని."

సదానందం తాపీ వైపు వేలు చూపాడు. "పీరన్న నీకు ఎన్నిసార్లు చాయ్ బోసిండు భాయ్! సచ్చినోని నోట్ల సిమెంటు గొడుతున్నవా?"

"పైనుంచి హుకుం. నువ్వు చెక్కుడు బంద్ చెయ్యి, నేను పూడ్చుడు బంద్ చేస్త."

"నేనెక్కడ చెక్కిన? ఇయ్యాల్నే మొదటిసారి వచ్చుడు. సూడు... దారం ఇంకా తడపనే లే."

తాపీ ఆగింది.

"మరి... రోజూ ఎవడు?"

సదానందం రుమాలు తీసి పచ్చి సిమెంటు తుడిచేశాడు. కింద పేరు తేలింది: పీరయ్య. లోతుగా, తేటగా, వంకర లేకుండా. ఫొటో తీసి ఊర్మిలకు పంపాడు. అవతల చూసినట్టు ఫోనులో నీలి టిక్కు పడింది.

అప్పుడు కనిపించింది... పేరు కింద ఇంకో గీత. చాయ్ రంగు. ఇంకా తడిగా, బొట్టు జారుతూ. గీత మొదట్లో అప్పుడే చెక్కిన అక్షరం ఒకటి — 'ఫ'.

"ఏం రాసుంది బే?" ఫక్రుద్దీన్ ముందుకు వంగాడు. అతనికి తెలుగు చదవడం రాదు.

సదానందం ఉలి జేబులో వేసుకున్నాడు.

"పొద్దుగాల ఎవలతోనన్న చదివించుకో భాయ్."

పది అడుగులు వేశాడో లేదో, వెనక... టక్...

టక్...