అమ్మకు చెప్పొద్దన్న గొంతు

"ఈ రోజు కూడా తమ్ముడు మాత్ర మింగలేదు," అంది బ్యూలా, బడిలో టిఫిన్ డబ్బా మూత పెడుతూ. "నేనే తీసుకుని దొడ్లో పారేశా. అమ్మకు తెలీదు."

సుగిర్త చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

"ఇంకా ఎన్నాళ్ళే ఇలా?"

"అదేంటి! నమ్మకం ఉంటే మాత్రలెందుకని నువ్వే కదా చెప్పావు?"

నిజమే. చెప్పింది తనే. సుగిర్త నాయనమ్మను ఇంట్లో అందరూ ఆచ్చి అంటారు. ఆచ్చి ఫోన్‌లో రోజూ పొద్దున్నే ఒక ప్రసంగీకుడి గొంతు వస్తుంది. వెనక సన్నగా సంగీతం. మెత్తటి మాటలు. మధ్యలో ఏడుపు కూడా.

పోయిన ఆదివారం ఆ గొంతు ఇలా అంది: "ప్రభువు నాతో చెప్పాడు. మాత్రలు మానేయండి, మీవాళ్ళు బాగుపడతారు. సందేహించే వాళ్ళకు, ఇంట్లోవాళ్ళకైనా సరే, ఈ మాట చెప్పకండి."

బ్యూలా తమ్ముడు అరుల్‌కు మూర్ఛ జబ్బు. వాడు బాగుపడితే అంతకంటే ఏం కావాలి? సుగిర్త పరుగున వెళ్ళి ఆ మాట బ్యూలా చెవిలో వేసింది.

"పొద్దున వాడు గ్లాసు పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు," అంది బ్యూలా. "పిలిచినా పలకలేదు. జబ్బు వదిలిపోతోందేమో కదా?"

సుగిర్త ముద్దను డబ్బాలోనే వదిలేసింది. మధ్యాహ్నమంతా టీచర్ చెప్పిన ఒక్క లెక్కా బుర్రకెక్కలేదు. బెల్లు కొట్టగానే ఎర్ర ఇసుకలో కాళ్ళు కాలుతున్నా ఇంటికి పరుగెత్తింది.

ఆచ్చి అరుగు మీద తాటాకు పెట్టె అల్లుతోంది.

"ఆచ్చీ, ప్రభువు చెప్పాడని ఎవరైనా అబద్ధం చెప్తారా?"

"ఎవరే చెప్పింది?"

"నీ ఫోన్‌లో ఆయన."

"లెంపలేసుకో! దైవజనుడికి వంకలు పెట్టేంత దానివయ్యావా? మీ తాత పోయాక నన్ను ఓదార్చింది ఆ గొంతే."

సుగిర్త లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చింది. నీళ్ళు తాగింది. కూర్చుంది, లేచింది.

"ఏమిటే, కాలుగాలిన పిల్లిలా?"

"అరుల్ మాత్రలు మానేశాడు ఆచ్చీ. ఆ మాట నేనే బ్యూలాకు చెప్పాను."

ఆచ్చి చేతులు ఆగిపోయాయి. "వాళ్ళమ్మకు తెలుసా?"

"చెప్పొద్దన్నాడుగా!" సుగిర్తకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆచ్చీ, బైబిల్లో చనిపోయిన ఒక అమ్మాయిని ప్రభువు లేపాడు కదా. అప్పుడు వాళ్ళమ్మానాన్నల్ని పక్కనే ఉంచుకున్నాడని సండే స్కూల్లో చెప్పారు. లేచాక పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడట. ఈయనేమో నోటి దగ్గర మాత్ర తీసేయమంటున్నాడు. అమ్మ దగ్గర దాచమంటున్నాడు. ఇది ప్రభువు మాటలా లేదు ఆచ్చీ."

ఆచ్చి ఒళ్ళోని తాటాకులు దులిపి లేచింది.

"పద."

బ్యూలా వాళ్ళమ్మ తంగం గుమ్మంలో బీడీలు చుడుతోంది. అరుల్ వాకిట్లో తాటికాయల బండి దొర్లిస్తున్నాడు. తలుపు పక్కనున్న బ్యూలా చెప్పొద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. సుగిర్త తంగం ముందుకు వచ్చింది.

"అత్తా... అరుల్ మాత్రలు మింగట్లేదు. నేను చెప్పబట్టే బ్యూలా పారేస్తోంది."

తంగం ఒళ్ళోని బీడీల చేట కింద పడింది. "ఏమిటీ?"

అప్పుడే అరుల్ బండి వదిలేసి నేల మీద పడ్డాడు. ఒళ్ళంతా కొట్టుకోసాగింది. తంగం ఒక్క అంగలో చేరి వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆచ్చి తాళంచెవి కోసం కొంగు తడుముకుంది.

"వద్దు పెద్దమ్మా! చేతిలో, నోట్లో ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టర్. ఆటో పిలవండి!"

సుగిర్త రోడ్డు మీదికి పరుగెత్తింది.

సాయంత్రానికి అరుల్ ఆస్పత్రి మంచం మీద కూర్చుని ఇడ్లీ అడిగాడు. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

"సారీ బ్యూలా," అంది సుగిర్త.

"నాతో మాట్లాడకు," అంది బ్యూలా. కాసేపటికి మళ్ళీ తనే, "నేనైనా అమ్మనడగాల్సింది," అని ముఖం తిప్పుకుంది.

తంగం ఇద్దర్నీ తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది సుగిర్తకు.

మర్నాడు పొద్దున ప్రసంగం వచ్చినట్టు ఆచ్చి ఫోన్ మోగింది. ఆచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. పక్కన పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

"వినాలనిపిస్తోందే," అంది చిన్న గొంతుతో. "అలవాటైపోయింది."

సుగిర్త ఆమె పక్కన కూర్చుని బటన్ నొక్కింది. సంగీతం మొదలైంది. "ప్రియులారా, ప్రభువు రాత్రి నాతో చెప్పాడు, ఈ సంగతి మీలోనే..."

సుగిర్త టక్కున ఆపేసి వంటింటివైపు తిరిగింది.

"అమ్మా, ఒకసారి ఇలా రా! ఇది నువ్వూ విను. విని, ఏమనిపిస్తోందో మాకు చెప్పు."