అక్కకి ఏ పూలు?

"కొత్తింటి తాళాలు ఇచ్చేశారట!"

భర్త కేక వినగానే చిట్టి చేతిలోని గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పుట్టింట్లో ఒక్క గదిలో సర్దుకుంటున్న జంటకి ఇక సొంత వాకిలి, సొంత కిటికీ! ఆ కిటికీకి ఏ రంగు తెర కట్టాలో అప్పుడే గొడవ మొదలైంది. ఆ గొడవ ఇద్దరికీ ఎంత తియ్యగా ఉందో! రేపే సామాను చేర్చేద్దామనుకున్నారు.

అంతలో నాన్న ఫోను మోగింది. విని, ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మీ పెద్దమ్మ పోయిందమ్మా. నిద్రలోనే. రేపు మధ్యాహ్నం అంత్యక్రియలట."

అమ్మ బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగలేదు.

"పూలు పంపిస్తే సరి."

"పూలేంటమ్మా? నువ్వు వెళ్ళవా?"

"నీ పెళ్ళికి ఆ మహారాణి వచ్చిందా? ఎవరి చేతో ఓ పూలగుత్తి పంపి చేతులు దులుపుకుంది. నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. పెళ్ళికి పూలైతే చావుకీ పూలే. చెల్లుకు చెల్లు!"

"సొంత అక్క కదే..." అన్నాడు నాన్న.

"మీరు మధ్యలో మాట్లాడకండి!"

చిట్టి ఆనందమంతా ఆవిరైపోయింది. ఒళ్ళు మండుతున్నా నోరు నొక్కుకుని అమ్మ వెంట వీధి చివరి పూలకొట్టుకి నడిచింది.

"అంత్యక్రియలకా అమ్మా? ఈ లిల్లీలు ఇప్పుడే వచ్చాయి," అంది కొట్టావిడ.

"ఆ వాసనకి దానికి తలనొప్పి."

"పోనీ, తెల్ల గులాబీలు?"

"తెలుపు చూస్తే ఆస్పత్రి గోడలు గుర్తొస్తాయంటుంది."

"చామంతులు?"

"అంచులు నల్లబడ్డాయి, కనబడట్లా? మా అక్క ముందు అంచులే చూస్తుంది. ఆ మెరుపు కాగితం తియ్యి! అదంటే దానికి చిరాకు."

"కొట్టంతా చూపించానమ్మా. ఇక మిగిలింది నేనే," అంది కొట్టావిడ విసుగ్గా.

అంతే, చిట్టి పట్టుకున్న ఓపిక తెగిపోయింది.

"ఏదో ఒకటి పడెయ్యమ్మా! చెల్లుకు చెల్లన్నావుగా? ఏ పువ్వైతే ఏంటి?"

"నోర్ముయ్! నీకేం తెలుసు?"

"తెలుసు! పెళ్ళికి ఎలా పిలిచావో పక్కనే ఉండి విన్నాను. 'వస్తే రా, లేకపోతే నీ ఇష్టం' అని ఫోను పెట్టేశావు. అలా పిలిస్తే ఎవరొస్తారు?"

అమ్మ చెయ్యి లేచింది. కొడుతుందనే అనుకుంది చిట్టి. కానీ ఆ చెయ్యి గాల్లోంచి మెల్లగా దిగి, పక్కనున్న బల్లని పట్టుకుంది.

"అది ఒక్కసారి పిలిస్తే ఎక్కడికీ రాదే. చిన్నప్పట్నుంచీ అంతే. అన్నానికి కూడా రెండోసారి పిలవాలి. ఆ పిలుపు ఎప్పుడూ నాదే. తెలిసే ఆ రెండోసారి పిలవలేదు. ఈసారైనా దిగిరానీ అనుకున్నా. అది నా ఫోను కోసం చూస్తూ కూర్చుని ఉంటుందే..."

అమ్మ ఏడుపు అంత గట్టిగా వినడం చిట్టికి అదే మొదలు. కోపమంతా ఎటుపోయిందో, రెండు చేతులా ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. కొట్టావిడ చప్పుడు చెయ్యకుండా ఓ ముక్కాలిపీట తెచ్చి వేసింది.

అమ్మ కూర్చోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలి బకెట్ల దగ్గరికి తనే వెళ్ళింది. పెద్దమ్మకి ఇష్టమైన నారింజ రంగు జెర్బెరా పూలు ఒక్కొక్కటే తీసి, అంచులు చూసి, ఏరి పక్కన పెట్టింది.

"చిరునామా చెప్పండమ్మా, మా బండిలో పంపిస్తాం."

"పంపక్కర్లేదు. నీళ్ళలో ఉంచండి, తెల్లారగానే వచ్చి తీసుకుంటాను," అని అమ్మ కూతురివైపు తిరిగింది. "మీ ఆయనతో చెప్పు. సామాను ఎల్లుండి చేర్చుకుందురుగాని. రేపు పొద్దున్నే అందరం అక్క దగ్గరికి వెళ్తున్నాం."