తామరకి మందు కొట్టే శుక్రవారం

కరుణాకర్ జీవితంలో నవ్వు ఆపుకోలేక చచ్చిన సందర్భాలు రెండే. ఒకటి తన పెళ్ళిచూపుల్లో. రెండోది ఆ బుధవారం ఉదయం, హైదరాబాదులో, నిఘా విభాగం చీఫ్ రాఘవులు గారి గదిలో.

టేబుల్ మీద ఒక కాగితం ఉంది. మూడు రోజుల క్రితం రహస్యంగా పట్టుకున్న ఫోన్ సంభాషణ. మగగొంతు, తెలుగు, పన్నెండు సెకన్లు.

"తామరకి మందు కొట్టేది శుక్రవారం పదకొండింటికి. అరవై రెండూ ఒకే దెబ్బకి."

దాని కింద ఢిల్లీవాళ్ళ అనువాదం: లోటస్. మెడిసిన్. హిట్. ఫ్రైడే, లెవెన్.

మాట్లాడినవాడు ఆర్కిడ్ అనే విదేశీ ముఠా మనిషి. ఒక కంపెనీ పరిశోధనను ఇంకో కంపెనీ కోసం చెడగొట్టడం ఆర్కిడ్ వృత్తి. వాళ్ళు కోడ్ వర్డ్స్‌గా పూల పేర్లే వాడతారని ఢిల్లీ ఫైల్లో రాసి ఉంది. ఇంకేముంది, రాష్ట్రంలో తామరపూలున్న చెరువులన్నిటి చుట్టూ మఫ్టీలో మనుషుల్ని కూర్చోబెట్టారు. మూడు రోజులుగా పాపం వాళ్ళు దోమలు తోలుకుంటున్నారు.

తామరంటే పువ్వు కాదని, ఒంటికి గుండ్రంగా పట్టి దురద పెట్టే తామరని కరుణాకర్ నవ్వుతూనే చెప్పాడు. రాఘవులు నవ్వలేదు. ఆ సంగతి తనకు నిన్ననే వెలిగిందంటూ ఒక జాబితా ముందుకు జరిపాడు.

పెదకాకాని దాటాక హైవే పక్కన ఒక చర్మవ్యాధుల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ డాక్టర్ మహిమ మొండి తామర మీద క్లినికల్ ట్రయల్ నడుపుతోంది. పాత మందులకి లొంగని ఫంగస్ అది. చెమటకు తడిసిన బట్టలతో రోజంతా మిరప చేలల్లో వంగే ఆడవాళ్ళని మూడేళ్ళుగా పీక్కుతింటోంది. మహిమ తయారుచేసిన ఆయింట్‌మెంట్ దాన్ని మాన్పుతోంది, పైగా చవక. అది బజారుకొస్తే సముద్రాల అవతల ఒక కంపెనీ అమ్మే ఖరీదైన మాత్రల్ని ఎవరూ ముట్టుకోరు. ట్రయల్‌లో ఉన్నది అరవై రెండు మంది. అందరూ ఒకే కూలి ముఠా.

"నలభై ఒకటో పేరు చదువు," అన్నాడు రాఘవులు.

హెలెన్, భర్త దానయ్య. కరుణాకర్ నవ్వు ఠక్కున ఆగిపోయింది. అది అతని తల్లి పేరు.

మెడ మీద, నడుం చుట్టూ తామర పాకి ఆవిడ పడ్డ నరకం అతనికి తెలుసు. చర్చిలో పక్కవాళ్ళు కాస్త కాస్త జరిగి కూర్చుంటుంటే, ఆవిడే లేచి చివరి వరసకి వెళ్ళిపోయింది. ఈ ఆయింట్‌మెంట్ మొదలుపెట్టిన ఆరు వారాలకి ఫోన్ చేసి, మళ్ళీ ముందు వరసలో కూర్చున్నానురా అని చిన్నపిల్లలా చెప్పింది. ఆ రోజు కరుణాకర్ ఆఫీసు బాత్‌రూంలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

కొట్టేది అంటే కొట్టేసేది అన్నమాట, అని అతను తేల్చేశాడు. శుక్రవారం కొత్త ట్యూబులిచ్చే రోజు. కోల్డ్ రూంలోంచి అరవై రెండు ట్యూబులూ కొట్టేసి, వాటి చోట ఇంకేదో పెడతారు. చీఫ్‌కి ఆ లెక్క నచ్చింది. లోపల మన మనిషి ఒకామె ఉందనీ, పేరు హేమశ్రీ అనీ, ట్రయల్ మానిటర్‌గా పనిచేస్తోందనీ, ఆర్కిడ్ ఆమెను తన మనిషే అనుకుంటోందనీ చెప్పాడు.

"పాస్‌వర్డ్?"

"కారం ఎక్కువైందా అంటుంది. తేజ రకం కదండీ అనాలి నువ్వు."

టెక్నికల్ సెక్షన్‌వాళ్ళు ఒక పెట్టుడు మీసం, కెమెరా దాచిన ఆయింట్‌మెంట్ ట్యూబు, ఎడమ ముంజేతికి అంటించుకోవడానికి సిలికాన్ తామర మచ్చ ఇచ్చారు. మచ్చ ఎంత ముద్దుగా కుదిరిందంటే, అసలు తామర చూసి సిగ్గుపడాలి.

గురువారం ఉదయం కరుణాకర్ ఫిలిప్ అనే పేషెంటుగా పరిశోధన కేంద్రం క్యూలో నిలబడ్డాడు. కరుణాకర్ కంటికి అక్కడ ఒక్కడూ మంచివాడిలా కనిపించలేదు. వాచ్‌మన్ కొత్త బూట్లేసుకున్నాడు. ఎందుకు? ఫార్మసిస్టు జేబులో రెండు ఫోన్లున్నాయి. దేనికి? డాక్టర్ మహిమ గంటలో మూడుసార్లు కోల్డ్ రూంలోకి వెళ్ళి, మూడోసారి ఉబ్బిన సంచితో బయటికొచ్చి స్కూటర్ ఎక్కింది. అతను వెంటపడ్డాడు. వేరే చర్మవ్యాధితో నడవలేని ఒక ముసలమ్మ ఇంటికెళ్ళి, పాత ట్యూబు తీసుకుని కొత్తది ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చిందామె. అయినా అతని అనుమానం తీరలేదు. ఇంత మంచితనం ఎవరికైనా ఊరికే ఉంటుందా?

పేషెంట్ల బెంచీ మీద అసలైన రోగిలా కనబడాలని పక్కవాడి తుండుగుడ్డ అడిగి మరీ చేతులు తుడుచుకున్నాడు. సరిగ్గా వాళ్ళ వెనక గోడకి 'ఒకరి తువ్వాలు ఒకరు వాడరాదు' అన్న బోర్డు ఉంది.

పన్నెండింటికి తెల్ల కారు ఆగింది. మంగళగిరి నేత చీర, నల్ల కళ్ళద్దాలు, చేతులకి పల్చటి గ్లవ్స్. క్యూ మొత్తం తలలు తిప్పింది. ఆమె తిన్నగా అతని దగ్గరికొచ్చి మచ్చను పరీక్షగా చూసింది.

"కారం ఎక్కువైందా?"

"తేజ రకం కదండీ."

హేమశ్రీ గొంతు తగ్గించింది. దొంగతనం చేయబోయేది డాక్టరేనని తన అనుమానమట. రేపు పదకొండింటికి కోల్డ్ రూం గుమ్మం దగ్గర్నుంచి అడుగు కదలొద్దంది. అంతమందిని అనుమానించిన కరుణాకర్ ఈమెను మాత్రం అనుమానించలేదు. పాస్‌వర్డ్ చెప్పింది కదా.

మధ్యాహ్నం ట్రాక్టర్‌లో కూలి ముఠా మచ్చలు చూపించుకోవడానికి వచ్చి దిగింది. హెలెన్ వచ్చి సరిగ్గా అతని వెనకే నిలబడింది. కొడుకు ఇన్సూరెన్సు సర్వేలు చేస్తాడని ఆవిడ నమ్మకం. అతను గోడకేసి తిరిగి ఊపిరి బిగబట్టాడు. నాలుగు నిమిషాలు గడిచాయి.

"మీసం బాలేదురా," అంది హెలెన్ నెమ్మదిగా, గోడకేసే చూస్తూ.

ఆఫీసు పనమ్మా, ఎవరికీ చెప్పకు అన్నాడు పెదవి కదపకుండా. ఇన్సూరెన్సువాళ్ళు మీసాలు కూడా ఇస్తారా అని ఆవిడ అడిగింది.

శుక్రవారం పది దాటి ఇరవై నిమిషాలు. కోల్డ్ రూం గుమ్మంలో కరుణాకర్ రాయిలా నిలబడ్డాడు. డాక్టర్ మహిమ తన గదిలో ఫైళ్ళు చూసుకుంటోంది. హేమశ్రీ లేదు. తొమ్మిదింటికే కారులో ఎటో వెళ్ళిందన్నాడు వాచ్‌మన్. ట్యూబులు తీసుకోవాల్సిన ఆడవాళ్ళూ లేరు. కోత ఉన్న రోజు మధ్యాహ్నం దాటాకే వస్తారండి అన్నాడు. కరుణాకర్‌కి మొదటిసారి తన లెక్క మీదే అనుమానం వచ్చింది. తల్లికి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావమ్మా?"

"చేలో. కాయ కోస్తున్నాం. పక్క చేలో తామరకి మందు కొట్టడానికి డ్రోన్ తెచ్చారు. పదకొండింటికి లేపుతారంట."

తామర పురుగు! మిరప పూతలో దూరి, ఆకు ముడుచుకుపోయేదాకా రసం పీల్చే పురుగు. గుంటూరు మిరప రైతుకి నిద్ర లేకుండా చేసిన పురుగు. ఒంటి తామరకైతే మందు రాస్తారు. మిరప తామరకైతే మందు కొడతారు. ఈ నల్లరేగట్లో పుట్టి, మిరప సాళ్ళ మధ్య నడక నేర్చి, 'కొట్టేది' అన్న మాట చెవిన పడినా వెలగలేదంటే ఏమనాలి? ఢిల్లీవాళ్ళకి తెలుగు రాదు. ఇతనికేం రోగం? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడు.

"అమ్మా, అందర్నీ చేలోంచి బయటికి తీసుకురా. ఇప్పుడే."

"సాలు మధ్యలో వదిలేసి ఎట్లా వస్తాంరా? అదిగో, మేస్త్రి అరుస్తున్నాడు." ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బైకు ప్రత్తిపాడు వైపు, తల్లివాళ్ళు కోతకెళ్ళే చేల వైపు దూసుకుపోయింది. దారిలో చీఫ్‌కి ఫోన్ చేసి పోలీసుల్ని పంపమన్నాడు. ఆర్కిడ్ పథకం ఇప్పుడు అరచేతిలో గీతలా కనిపిస్తోంది. ట్యూబుల్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. డ్రోన్ ట్యాంకులో ఒళ్ళు కాల్చే రసాయనం పోసి, గాలివాటున ఆడవాళ్ళ మీదికి వదిలితే చాలు. ఒకే మందు రాసుకుంటున్న అరవై రెండు మందికీ ఒకే రోజు ఒళ్ళంతా బొబ్బలెక్కితే, లోకం దేన్ని తిడుతుంది? ఆయింట్‌మెంట్‌నే. ట్రయల్ ఆ సాయంత్రమే ఆగిపోతుంది. అతనికి ట్రయల్ గుర్తుకు రావడం లేదు. తల్లి మెడ గుర్తొస్తోంది.

పదకొండుకి రెండు నిమిషాలుండగా గట్టు మీద బైకు పడేశాడు. డ్రోన్ అప్పటికే గాల్లో ఉంది. కొడుకు గొంతులోని వణుకు హెలెన్‌కి ఎక్కడో తగిలినట్టుంది, కాయలు ఎండబోసే నీలం పట్టాలు లాగి ఆడవాళ్ళ మీద కప్పిస్తోంది. సగం మంది పట్టాల కింద దూరారు. మిగతా సగం మేస్త్రి తిట్లకి జంకి సాళ్ళలోనే ఉండిపోయారు. గాలి సరిగ్గా వాళ్ళవైపే వీస్తోంది.

గట్టు చివర అశోక్ అనే డ్రోన్ పైలట్ రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన తెల్ల కారు. కారుకి ఆనుకుని హేమశ్రీ. ఆమె అసలు ఎవరి మనిషో ఇక చెప్పనక్కర్లేదు.

"మామూలు తామర మందే. లేబుల్ చూసుకోండి," అందామె తాపీగా. "మీకెందుకండీ ఈ ఆరాటం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ కంద మా అమ్మండీ," అని కరుణాకర్ అశోక్ మీదికి దూకాడు.

రిమోట్ చేతికొచ్చింది. దాన్నిండా బటన్లే. డ్రోన్ మొదటి సాలు అంచుకి చేరింది. ఒక బటన్ మీద చిన్న ఇల్లు బొమ్మ ఉంది. ఇల్లంటే తిరిగి రమ్మనే కదా, ప్రభువా అనుకుని నొక్కాడు. డ్రోన్ ఆగింది. గాల్లోనే ఒక్క క్షణం తటపటాయించి, బుద్ధిగా వెనక్కి తిరిగింది.

అది ఎక్కడ లేచిందో అక్కడికే వచ్చింది, తెల్ల కారు పక్కకి. దిగుతుంటే రెక్కల గాలికి నాజిల్ నుంచి నాలుగు చుక్కలు ఎగిరి హేమశ్రీ మోచేతి మీద పడ్డాయి, గ్లవ్స్ కప్పనిచోట.

ఆ పల్లెల్లో తామర మందు ఒంటి మీద పడితే ఆడవాళ్ళు కొంగుతో తుడుచుకుని పని చూసుకుంటారు. హేమశ్రీ మాత్రం కెవ్వున అరిచి, హ్యాండ్‌బ్యాగ్ నేలమీద బోర్లించి, అందులోంచి పేరులేని ట్యూబొకటి వెతికి పట్టుకుని చేతికి దట్టంగా పులుముకుంది. విరుగుడు ముందే కొనిపెట్టుకుని మరీ వచ్చిందన్నమాట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. పోలీసులు వచ్చేసరికి ఆమె మోచేతి మీద బొబ్బలు, చేతిలో సాక్ష్యం, రెండూ సిద్ధంగా ఉన్నాయి. పారిపోబోయిన అశోక్‌ని ఆడవాళ్ళు ఆ నీలం పట్టాలోనే చుట్టి కూర్చోబెట్టారు.

ఆ మధ్యాహ్నమే అరవై రెండు మందికీ కొత్త ట్యూబులు అందాయి. తల్లి దగ్గర అన్నం తింటూ, ఒంటి తామర అనుకున్న తన పొరపాటు చెప్పుకుని కరుణాకర్ హైదరాబాదు వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత ఆదివారం అతను ఊరికొచ్చాడు. హెలెన్ చర్చిలో ముందు వరసలో కూర్చుని ఉంది, మెడ నిగనిగలాడుతోంది. పక్కన కొడుకు పాట మధ్యలో ఎడమ ముంజేతిని బరబరా గోక్కున్నాడు. ఆవిడ చొక్కా చెయ్యి పైకి లాగి చూసింది. సిలికాన్ మచ్చ ఎప్పుడో పోయింది. అక్కడే, అంతే గుండ్రంగా, అసలుది వెలిసింది.

హెలెన్ సంచిలోంచి ట్యూబు తీయబోయి, అది లెక్కప్రకారం తన ఒక్కదానికే ఇచ్చిందని గుర్తొచ్చి మళ్ళీ లోపల పెట్టేసింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికెళ్ళు," అని గొణిగింది. "మళ్ళీ పొరపాటు పడేవు. దీనికి రాయాలి, కొట్టకూడదు."